కెమెరా ఉంది సరే, రికార్డు ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడింటిది ఒకటే కథ. దొంగతనం జరిగింది. కెమెరా ఉంది, దాని దీపం వెలుగుతోంది, తెర మీద బొమ్మ కదులుతోంది. కావలసిన రోజు రికార్డు మాత్రం లేదు. ఏడింటికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక నాకు లేదు కాబట్టి ఒకటి తీసుకుంటున్నాను. మిగతా ఆరుగురూ తమ ఊరి పేరు పెట్టుకుని చదువుకోవచ్చు.

*మాది తెనాలిలో కిరాణా దుకాణం. నాలుగు కెమెరాలు, ఒక టీబీ హార్డ్‌డిస్కు. నెల రోజుల రికార్డు ఉంటుందని బిగించిన అబ్బాయి చెప్పాడు. పన్నెండు రోజుల కిందట గల్లాపెట్టెలో డబ్బు పోయింది. లెక్కలు తేల్చి వెతికేసరికి ఆరు రోజులకు మించి వెనక్కి వెళ్లడం లేదు. పాతది తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?*

లేదు. ఉందని చెప్పి అడ్వాన్సు అడిగేవాళ్లు ఉంటారు, ఇవ్వకండి. చెరిపేసిన ఫైలు వేరు, దాని మీద ఇంకొకటి రాసేసిన ఫైలు వేరు. మొదటిది కొన్నిసార్లు దొరుకుతుంది, రెండోది దొరకదు. డీవీఆర్, అంటే కెమెరాల వీడియోను డిస్కులో రాసే పెట్టె, చేసేది రెండో పని. డిస్కు నిండగానే అన్నిటికంటే పాత రోజు మీద ఈ రోజును రాస్తుంది, మిమ్మల్ని అడగదు.

నెల రోజులని ఆ అబ్బాయి ఏ లెక్కన అన్నాడో గానీ, అసలు లెక్క పలక మీద వేయగలిగినంత చిన్నది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రాసే కెమెరా రోజుకు 10.8 జీబీ తింటుంది. మీ కెమెరాలు ఒక్కొక్కటి 4 మెగాబిట్ల మీద నడుస్తుంటే నాలుగూ కలిసి రోజుకు 172.8 జీబీ. ఒక టీబీని, అంటే వెయ్యి జీబీలను, దానితో భాగించండి. ఆరు రోజులు కూడా నిండవు. మీ తెర మీద కనిపించింది ఇదే కదా! ఇదే వేగంతో నెల రోజులు కావాలంటే ఆరు టీబీల డిస్కు పెట్టాలి. మీ పెట్టె వీడియోను ఇంకా బాగా కుదించే హెచ్.265 పద్ధతిని తీసుకునేదైతే బిట్‌రేట్‌ను, అంటే సెకనుకు రాసే ఆ మెగాబిట్ల లెక్కను, 2కు దించండి. దుకాణంలో మనిషి ముఖం గుర్తుపట్టడానికి మామూలుగా అది చాలు, నాలుగు టీబీలతో నెల దాటుతుంది. సెకనుకు 25 ఫ్రేములను 15కు తగ్గించి, చోటు మిగిలిందని సంబరపడేవాళ్లకు ఒక మాట. బిట్‌రేట్ స్థిరంగా పెట్టి ఉంటే ఫ్రేములు తగ్గించినా ఒక్క జీబీ కూడా మిగలదు. డిస్కును తినేది బిట్‌రేట్.

కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమని పెడితే ఇంకా ఆదా అవుతుంది. కాగితం మీద. రాత్రి కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలెపురుగు వస్తుంది, సరిగ్గా అద్దం ముందే గూడు కడుతుంది. గాలికి ఊగే ఒక్కొక్క పోగూ తెర మీద తాడంత లావున, తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. డీవీఆర్‌కు అదంతా కదలికే. అలా తెల్లవార్లూ సాలెగూటిని శ్రద్ధగా రికార్డు చేసిన డిస్కులను నేను చూశాను. కొత్త డిస్కు కొనే ముందు బూజుకర్ర పట్టండి.

ఇంకొకటి. మీ పెట్టెలో ఉన్నది నిఘా కోసం చేసిన డిస్కేనా, లేక ఏదో పాత కంప్యూటర్‌లోంచి ఊడదీసి పెట్టిందా? మూత తీయించి చూడండి. ఇరవై నాలుగు గంటలూ రాస్తూనే ఉండే పనికి మామూలు కంప్యూటర్ డిస్కును తయారు చేయరు. డిస్కు పాడైతే డీవీఆర్ కీచుకీచుమని అరుస్తుంది. మా బంధువుల మందుల దుకాణంలో అలాగే అరిచింది. గోల భరించలేక బిగించినవాడిని పిలిచారు. అతను వచ్చి, సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ కూతను ఆపేసి, టీ తాగి వెళ్లిపోయాడు. డిస్కు సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నాలుగు నెలల తరువాత అవసరం పడి వెతికితే నాలుగు నెలలూ ఖాళీ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ కుక్క వేళకే మొరిగింది, మనవాళ్లే నోరు కట్టేశారు.

*కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని. పార్కింగులో బైకు పోయింది. పోలీసులు ఫుటేజీ అడిగితే మానిటర్ మీద ఆడుతున్న వీడియోను ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపాను. ఇది పనికిరాదన్నారు. తప్పేమిటి?*

తప్పు మీ ఒక్కరిదే కాదు, రాష్ట్రంలో సగం సంఘాలు ఇదే చేస్తున్నాయి. మానిటర్‌ను ఫోను తీసింది, ఫోను తీసినదాన్ని వాట్సాప్ నలిపింది. నంబరు ప్లేటు మీద అంకెలు ఆ నలుగుడులోనే పోయాయి. యాప్‌లోంచి దించుకోవడం కూడా అంత మేలేమీ కాదు. చాలా డీవీఆర్‌లు ఒక్కొక్క కెమెరా నుంచి రెండు వీడియోలు తీసుకుంటాయి, డిస్కుకు పెద్దది, ఫోనుకు చిన్నది. ఫోనులోకి వచ్చేది తరచుగా ఆ చిన్నదే.

పెట్టె దగ్గర కూర్చుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. డ్రైవ్‌ను గుర్తించకపోతే అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయిందో లేదో చూడండి, పాత పెట్టెలకు అదొక్కటే తెలుసు. అందులో ఒక్కొక్క ఫైలు నాలుగు జీబీలు దాటదు కాబట్టి వీడియో ముక్కలుగా వస్తుంది, కంగారు పడకండి. ఫైలు మామూలు ప్లేయర్‌లో ఆడకపోతే అదే మెనూలో కంపెనీ సొంత ప్లేయర్‌ను కూడా కాపీ చేసే వీలుంటుంది, దాన్నీ జత చేయండి. తయారీదారులందరూ కలిసి ఒకే రకం ఫైలు ఇస్తే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తరువాత గడియారం. డీవీఆర్ చూపే సమయాన్ని, అదే క్షణంలో మీ ఫోను చూపే సమయాన్ని పక్కపక్కన కాగితం మీద రాసి సంతకం పెట్టండి. గడియారం సరిగ్గా రెండున్నర గంటలు ముందుంటే అది చైనా సమయం, ఫ్యాక్టరీలో పెట్టిన టైమ్ జోన్‌ను ఎవరూ మార్చలేదన్నమాట. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ 2000 జనవరికి పోతుంటే లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. బైకు పోయింది రాత్రి రెండింటికని మీరంటారు, వీడియో మీద నాలుగున్నర అని ఉంటుంది. కోర్టులో అవతలి వకీలు పట్టుకునేది ఆ తేడానే.

ఇక ధ్రువపత్రం. వీడియో నకలును సాక్ష్యంగా తీసుకోవాలంటే ధ్రువపత్రం తప్పనిసరని అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది. అప్పుడది పాత సాక్ష్య చట్టం 65బీ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ వర్తిస్తోంది. కొత్త పత్రంలో రెండు భాగాలుంటాయి. ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, అంటే మీరు, పూర్తి చేయాలి, రెండోది నిపుణుడు పూర్తి చేయాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. వీడియోలో ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది. అందుకే తీసిన ఫైలును కత్తిరించకండి, దాని మీద బాణం గుర్తులు గీయకండి. ఎర్ర సున్నా చుట్టాలన్న సరదా ఉంటే ఇంకో నకలు మీద చుట్టండి.

పోలీసులు వచ్చి అడిగేదాకా ఆగవద్దు. వాళ్లు పంచనామాకు వచ్చేలోపు మీ డీవీఆర్ ఆ రోజును తినేయవచ్చు. పై తెనాలి లెక్క చూడండి.

*నేను డాలస్‌లో ఉంటాను. రాజమహేంద్రవరంలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. వసారాలో, హాల్లో కెమెరాలు పెట్టించాను. ఫోను మార్చాక యాప్‌లో చేర్చబోతే ‘ఈ పరికరం మరొకరి ఖాతాలో ఉంది’ అంటోంది. దీన్ని ఎలా సరిచేయాలి?*

సరిచేయడం తరువాత. ముందు ఆ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. మరొకరి ఖాతాలో ఉంది. ఆ మరొకరు ఎవరు?

దాదాపు ఖాయంగా బిగించిన టెక్నీషియన్. పని తొందరగా ముగించడానికి అతను తన ఫోనులోనే యాప్ తెరిచి, తన ఖాతాలోనే మీ పెట్టెను నమోదు చేసి, మీకు చూసే వీలు మాత్రం పంచాడు. యాప్ దృష్టిలో యజమాని అతను, మీరు అతిథి. ఇన్నాళ్లూ మీ అమ్మగారు హాల్లో ఎప్పుడు నిద్రపోతున్నారో, ఇంటికి ఎప్పుడు తాళం పడుతోందో మీకు ఎంత తెలుసో అతనికీ అంత తెలుసు. అతను మంచివాడే కావచ్చు. కానీ అతని ఫోను పోతే? అతను ఆ దుకాణంలో పని మానేస్తే? అలాంటి ఒక ఫోనును నేను చేతిలోకి తీసుకుని చూశాను. యాప్ తెరిస్తే వరసగా చిన్న చిన్న కిటికీలు: బట్టల దుకాణం గల్లా, ఎవరిదో వంటిల్లు, దంతవైద్యుడి కుర్చీ, ఒక బాలికల హాస్టల్ నడవా. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్, అతని దుకాణం పేరు పక్కన 123. చూపిస్తున్నందుకు అతనికి గర్వంగా ఉంది, ఇంతమంది ఖాతాదారులున్నారని.

ఇది అతి భయం అనుకునేవారికి రెండు సంగతులు. 2016 అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ దాడికి వాడుకున్నది మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము వశపరచుకున్న పరికరాల సైన్యాన్ని, అందులో ఎక్కువ భాగం ఇలాంటి కెమెరాలూ డీవీఆర్‌లే. వాటిలోకి దూరడానికి గొప్ప విద్యేమీ అక్కరలేకపోయింది, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవై చిల్లర ఉన్న ఒక పట్టీ సరిపోయింది. రెండోది మన దేశంలోనే. రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి రోగుల వీడియోలు బయటికి పోయి టెలిగ్రామ్‌లో అమ్ముడవుతున్న సంగతి 2025లో బయటపడింది. పత్రికల్లో వచ్చిన ప్రకారం ఆ పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’.

ఇప్పుడు పని. టెక్నీషియన్‌కు ఫోను చేసి, తన ఖాతాలోంచి మీ పరికరాన్ని తొలగించమనండి. తొలగించాక మీరే మీ ఖాతాలో చేర్చుకోండి. ఇద్దరూ ఒకేసారి ఫోనులో ఉండి చేస్తే పది నిమిషాల పని. అతను దొరకకపోతే పెట్టె అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో, బిల్లు జత చేసి తయారీదారుకు రాయండి. రీసెట్ బొత్తాం నొక్కినంత మాత్రాన తీరదు, ఎందుకంటే ఎవరి ఖాతాలో ఉందన్న సంగతి పెట్టెలో కాదు, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఖాతా మారాక డీవీఆర్ సొంత పాస్‌వర్డ్ కూడా మార్చండి. యాప్‌ది వేరు, పెట్టెది వేరు. ఒకటి మార్చి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా పెట్టెలోకి దారి, పెట్టి ఉంటే తీసేయించండి. మీ యాప్‌కు దానితో పని లేదు.

కొత్తగా తయారయ్యే, దిగుమతయ్యే కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన నిబంధన 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ ఇప్పటికే గోడలకెక్కిన కెమెరాల సంగతి ఎవరు చూస్తారు? అసలు యజమాని ఫోనులో తప్ప ఇంకెక్కడా నమోదు కానివ్వని యాప్ రాయడం అంత కష్టమా? నమోదు చేసేటప్పుడే ‘మీరు ఈ ఇంటివారేనా, బిగించేవారా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. అడగరు. నెలనెలా చందా కట్టి మా క్లౌడ్‌లో దాచుకోండి అని మాత్రం యాప్ తెరిచిన ప్రతిసారీ అడుగుతారు. నెల దాటాక అప్‌డేట్ వస్తుంది, మెనూలన్నీ చోటు మారతాయి, నిన్నటిదాకా ఉచితంగా కనిపించిన రికార్డింగుల జాబితాకు తాళం బొమ్మ పడుతుంది. డిస్కు నాది, కరెంటు నాది, గోడ నాది. తాళం వాళ్లది!

అన్నట్టు, మీ ప్రశ్నలో లేకపోయినా హాల్లో కెమెరా గురించి. పెట్టే ముందు అమ్మానాన్నలను అడిగారా? మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు, కొడుకు మీలాగే దూరదేశంలో. రోజూ సాయంత్రం దీపం పెట్టాక హాల్లో కెమెరా మీద తువ్వాలు కప్పేస్తారు, పొద్దున కాఫీ అయ్యాక తీస్తారు. కెమెరా చెడిపోయిందని ఆ అబ్బాయి ఇప్పటికి రెండుసార్లు మార్పించాడు. మీ రికార్డింగులో కూడా రోజూ ఒకే వేళకు నలుపు కనిపిస్తే టెక్నీషియన్‌ను పిలవకండి. కెమెరాను వసారాలోకి మార్పించండి.