స్టౌ వెనక ఎలుక చప్పుడు వింటే ఆ రోజే అపార్ట్‌మెంటు ఆఫీసుకు రాయండి

అక్టోబరు చివర్లో చలి మొదలవగానే నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, రాత్రిపూట స్టౌ వెనకాల ఏదో గీకుతున్నట్టుంది." "పిన్నీ, ప్యాంట్రీలో నల్లగా, బియ్యపు గింజంత, రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి, ఏమిటవి?" అవి చుంచెలుక పెంటికలు. న్యూజెర్సీలో మేముంటున్న ఈ ఇరవై ఏళ్లలో, ఎడిసన్ పక్కనున్న పాత గార్డెన్ అపార్ట్‌మెంట్లలోనూ చూశాను, జెర్సీ సిటీలో పాతకాలపు ఇటుక ఇళ్లలోనూ చూశాను, నిన్నగాక మొన్న కట్టిన టౌన్‌హౌసుల్లోనూ చూశాను.

ఫోన్ చేసిన ప్రతివాళ్లూ గొంతు తగ్గించి "మేం శుభ్రంగానే ఉంచుకుంటాం అక్కా" అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎలుక వచ్చింది మీ వంట వల్ల కాదు, గోడలో కన్నం ఉండటం వల్ల. బయట చలి, లోపల వెచ్చదనం, మధ్యలో పైపు చుట్టూ పూడ్చకుండా వదిలేసిన సందు. పెన్సిల్ దూరే సందుంటే చుంచెలుక పిల్ల దూరిపోతుంది.

మా మొదటి అపార్ట్‌మెంట్లో మేమూ ఇలాగే నోరు మూసుకున్నాం. వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ, లీజు పొడిగించరేమో అని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. మా వారు కొట్టులో ఎలుకల మందు కొనుక్కొచ్చి స్టౌ వెనక పెట్టారు. ఒక ఎలుక గోడలోపల చచ్చింది. పది రోజులు ఆ వాసన. మా బాబు అప్పుడే పాకుతున్నాడు, ఆ మందు వాడి చేతికి అందుతుందేమోనని ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు నేను. చివరికి ఆఫీసుకు వెళ్లి చెబితే, ఇంతకాలం ఎందుకు చెప్పలేదని మమ్మల్నే అడిగారు. ఆడ చుంచెలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకు ఐదారు పిల్లలు. మేం మొహమాటపడ్డ రెండు నెలల్లో అవి ఎన్నైపోయాయో!

కాబట్టి పెంటిక కనిపించిన రోజే ఫోటో తీసి, తేదీ వేసి, ఈమెయిల్లోనో అపార్ట్‌మెంటు వాళ్ల పోర్టల్లోనో రాతపూర్వకంగా పెట్టండి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి. న్యూజెర్సీలో అద్దె ఇంటిని నివాసయోగ్యంగా ఉంచాల్సిన బాధ్యత ఇంటి యజమానిదేనని 1970లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు మరీనీ వర్సెస్ ఐర్లండ్ కేసులో స్పష్టం చేసింది. ఫిర్యాదు చేశారని కక్షగట్టి ఖాళీ చేయించడం కూడా ఇక్కడ చట్టవిరుద్ధమే. మీ వీసాకూ గోడలో కన్నానికీ ఏ సంబంధమూ లేదు. ఎన్నిసార్లు రాసినా కదలకపోతే మీ టౌన్ హెల్త్ డిపార్ట్‌మెంటుకు చెప్పండి. న్యూయార్క్ సిటీలో ఉంటే నగరం వాళ్ల ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేస్తే సరిపోతుంది. వేరే రాష్ట్రాల్లో నియమాలు వేరు. విడిగా ఉన్న ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుంటే పెస్ట్ కంట్రోల్ ఖర్చు మీ మీదే వేసి ఉండొచ్చు, అందుకని లీజులో ఆ పేరా ముందే చదవండి.

ఆఫీసువాళ్లు మనిషిని పంపేలోపు టార్చిలైటు పట్టుకుని కన్నాలు ఎక్కడున్నాయో మీరే వెతకండి. సింకు కింద పైపులు గోడలోకి పోయేచోట, స్టౌ వెనక గ్యాసు పైపు చుట్టూ, డిష్‌వాషర్ గొట్టం దగ్గర, హీటర్ పైపు నేలలోకి దిగేచోట, వీధి తలుపు అడుగున చూడండి. సందుల్లో స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) గానీ, తుప్పు పట్టని రాగి జాలీ గానీ గట్టిగా కుక్కి, పైన కాక్ (సందులు పూడ్చే పేస్టు) పట్టించండి. ఒట్టి ఫోమ్ కొడితే కొరికేసి మళ్లీ వస్తాయి. కరెంటు ప్లగ్గులో పెట్టి అల్ట్రాసౌండ్‌తో తరిమేస్తామనే పరికరాలకు డబ్బు తగలేయకండి. అలాంటి ప్రచారాలకు శాస్త్రీయ ఆధారం ఉండాలని 2001లోనే వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యాపారులకు హెచ్చరిక ఉత్తరాలు పంపింది.

లోపల ఉన్న ఎలుకలకు చెక్క స్నాప్ ట్రాపులే (స్ప్రింగు ఎలుకబోనులే) మేలు. ఒకటి కాదు, ఆరేడు పెట్టండి. ఎలుక గోడ వారగా పరిగెడుతుంది కాబట్టి, ఎర ఉన్న కొస గోడకు తగిలేలా అడ్డంగా పెట్టాలి. శనగగింజంత పీనట్ బటర్ చాలు. జిగురు అట్టలు మాత్రం వద్దని చేతులు జోడించి చెబుతున్నాను. అతుక్కున్న ఎలుక గంటలకొద్దీ గిలగిలా కొట్టుకుంటుంది, ఆ భయంలో మూత్రం పోసి రోగాలు ఇంకా చిమ్ముతుంది.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు "వినాయకుడి వాహనాన్ని చంపుతారటే" అని ఏడ్చింది. ఆ మాట కొట్టిపారేయలేను. చంపడానికి మనసొప్పనివాళ్లు కన్నాలు మూయడం మీద రెట్టింపు శ్రద్ధ పెట్టండి. సజీవంగా పట్టే బోను పెడితే రోజుకు మూడు నాలుగు సార్లు చూడండి, లోపలే ఆకలితో చావనివ్వకండి.

శుభ్రం చేసేటప్పుడు మన అలవాటు కొద్దీ చీపురు తీయకండి, వాక్యూమ్ కూడా వద్దు. దుమ్ము లేచి ఊపిరిలోకి పోతుంది. అరగంట కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, ఒక పాలు బ్లీచుకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పెంటికల మీద తడిసేలా చల్లండి. ఐదు నిమిషాలు ఆగి పేపర్ టవల్‌తో తీసి, సంచిలో కట్టి పారేయండి. అమ్మోనియా ఉన్నవాటితో బ్లీచు కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే ఈ పని ఆమె అసలు చేయకూడదు. చుంచెలుకలు మోసే ఎల్‌సీఎంవీ అనే వైరస్ కడుపులో బిడ్డకు సోకే ప్రమాదం ఉంది. పిల్లలెవరైనా ఎలుకల మందు నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా 1-800-222-1222కి ఫోన్ చేయండి. దేశమంతా ఇదే పాయిజన్ కంట్రోల్ నంబరు, రాత్రీపగలూ పలుకుతారు.

మన వంటింటి సంగతి. ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచిని నేలమీద అలాగే ఉంచేస్తాం. కందిపప్పు పాలిథిన్ సంచిలోనే ఉంటుంది. రెండింటినీ ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. గట్టి మూతున్న పెద్ద బకెట్లలోకీ స్టీలు డబ్బాల్లోకీ మార్చండి. దేవుడి దగ్గర నైవేద్యం, కొబ్బరిచెక్క రాత్రంతా వదలొద్దు. వత్తుల డబ్బాకు కూడా మూత ఉండాలి, గూడు కట్టుకోవడానికి ఆ దూది ఎత్తుకుపోతాయి.

డిసెంబరులో ఇండియా వెళ్తూ ఇల్లు నాలుగైదు వారాలు మూసేవాళ్లు, బయల్దేరే ముందురోజు చెత్త, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఏవీ మిగల్చకండి. స్టౌ కిందా టోస్టర్ కిందా పడ్డ ముక్కలు కూడా తీసేయండి. మీ తాళంచెవి ఉన్న స్నేహితులను వారానికోసారి వచ్చి సింకు కింద చూడమనండి. పెంటికలు కనిపిస్తే మీరు వచ్చేదాకా ఆగకుండా అక్కడినుంచే ఫోటో తెప్పించుకుని ఆఫీసుకు మెయిల్ పెట్టండి.