సి6 గాయం, రిపోర్టులో ‘ఏషియా ఏ’: మీ తమ్ముడు స్టిమ్యులేషన్‌కు పనికొస్తాడా?

మెడ దగ్గర వెన్నుపాముకు (సి6 స్థాయి) గాయమైన తమ్ముడికి వేళ్లు కదులుతున్నాయి, చర్మంపై ప్యాడ్‌లతో వెన్నుపాముకు కరెంటు ఇచ్చే స్టిమ్యులేషన్ పనికొస్తుందా అని మీ ప్రశ్న. గాయం తీవ్రత చెప్పే ఏషియా గ్రేడుల్లో ‘ఏ’ అంటే సంపూర్ణ గాయం; ‘బి’ నుంచి అసంపూర్ణం. ఆ ‘ఏ’ గ్రేడు బహుశా మొదటి రోజుల్లో, స్పైనల్ షాక్ (గాయమయ్యాక కొంతకాలం వెన్నుపాము రిఫ్లెక్సులు ఆగిపోయే స్థితి) తగ్గకముందు వేసింది. ఏడాదిన్నర దాటింది కాబట్టి మళ్లీ చూపించండి.

వేళ్లు కదిలినంత మాత్రాన ‘ఏ’ పోదు. పైగా మణికట్టు ఎత్తినప్పుడే వేళ్లు ముడుచుకుంటే అది స్నాయువు లాగుడు, వేళ్ల కండరాల పని కాదు. మణికట్టును కదలకుండా పట్టుకుని చూడండి.

గాయం సంపూర్ణమా కాదా అని తేల్చేది మలద్వారం దగ్గరి ఎస్4-5, అంటే వెన్నుపాము చివరి నరాలు చేరే చోటు. మొహమాటపడి చాలామంది వదిలేసేది ఇదే. డాక్టరును అడిగి మరీ చేయించండి:

1. విరేచనం అయ్యాక, వెల్లకిలా పడుకోబెట్టి.
2. అంచున రెండు వైపులా దూది, పిన్ను. దూది మసకగా తెలిసినా లెక్కే. పిన్ను మొనేదో మొద్దేదో పదిలో ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పాలి.
3. లోపల వేలితో నొక్కితే తెలుస్తోందా?
4. “మలం ఆపుకున్నట్టు బిగించు” అనాలి. ముక్కినప్పుడు వచ్చే బిగువు, తనంతట వచ్చే రిఫ్లెక్స్ బిగువు లెక్కలోకి రావు.

2, 3లో ఒక్కటి ఉన్నా కనీసం ‘బి’. 4 ఉంటే ‘సి’ లేదా ‘డి’.

మధ్యలో తలపోటు, చెమట, బీపీ పెరగడం కనిపిస్తే ఆపి కూర్చోబెట్టండి, కేథటర్ మడత పడిందేమో చూడండి. టి6 (ఛాతీ స్థాయి), ఆపైన గాయాలకు ఇది ప్రమాదమే.

2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతించిన ఆర్క్-ఈఎక్స్ అనే స్టిమ్యులేషన్ పరికరం, సి2–సి8 అసంపూర్ణ గాయాలకే, అంటే ‘ఏ’కి కాదు. దాని అప్-లిఫ్ట్ ట్రయల్‌లో 2 నెలలు థెరపీ ఒక్కటే, తర్వాత 2 నెలలు థెరపీతో పాటు స్టిమ్యులేషన్. థెరపీ మానేసి ఉత్త ప్యాడ్‌లు అంటిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి.