డిప్‌లో ఊటనీరు: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

నీకు ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్ట్‌లో గని పని చూసుకునే సూపర్‌వైజర్‌గా ఆర్డర్ వచ్చిందని, డిప్ వైపే, అంటే బాయి పల్లంగా దిగే వైపే డ్యూటీ వేశారని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఇరవై తొమ్మిదేళ్లు సింగరేణి బొగ్గు బాయిల్లో దిగి ఎక్కినవాణ్ణి. పైకప్పు గురించి, గ్యాస్ గురించి నీకు అందరూ చెప్తారు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి 'పంపు నడుస్తోంది కదా' అని వదిలేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

మన గోదావరి లోయలో బొగ్గు పొరల చుట్టూ ఉన్నది ఇసుకరాయి. దానిలో నీరు ఉంటుంది, ఊరుతూనే ఉంటుంది. దానికి టెన్షన్ పడకు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అది చూడు.

చూడాలంటే కొలత ఉండాలి. ఊటనీరు చేరే గుంటకి, అదే సంప్‌కి, పోయే కాలవలో 90 డిగ్రీల వి-నాచ్ పలక (V ఆకారంలో కోత ఉన్న పలక) పెట్టించు. కోత అడుగు నుంచి నీటి మట్టం 10 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు పోతున్నట్టు. అదే 12 అయితే దాదాపు 6.9 లీటర్లు. స్కేలు మీద రెండు సెంటీమీటర్లే, నీరు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. పలక వెనక పేరుకున్న బొగ్గు బురద ముందు తీయించు. పలకకు ఆనించి కాకుండా కాస్త ఎగువన, నీరు నిలకడగా ఉన్నచోట కొలువు. ప్రతి షిఫ్ట్‌లో అదే చోట కొలిచి, అప్పుడే పుస్తకంలో రాయి. సాయంత్రం గుర్తుచేసుకుని రాసిన అంకె ఎందుకూ పనికిరాదు.

అంకెలతో పాటు రంగు, వాసన కూడా రాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఎక్కడో పాత పనుల్లో, అంటే తవ్వి వదిలేసిన చోట్ల, నిలిచిన నీరు దారి వెతుక్కుంటోందేమోనని అనుమానించాలి. ఆ వాసన విషవాయువుది. అక్కడ మనుషుల్ని నిలబెట్టకు.

ఒక బాయిలో ప్లాన్ ప్రకారం పాత పనులు చాలా దూరం. ఫేస్‌లో, అంటే తవ్వుతున్న చోట, బొగ్గు మాత్రం చెమటపట్టినట్టు ఉండేది. పంపు దగ్గర పనిచేసే ఖలాసీ ఒకాయన నీళ్లు చేత్తో పట్టి చూసి, 'సార్, ఇవి మన నీళ్లు కాదు' అన్నాడు. ముందుకు బోర్ వేయించాం. రాడ్ తీయగానే నీరు విసురుగా చిమ్మింది. అక్కడితో పని ఆపేశాం. ఆ ఖలాసీ మాట పట్టించుకోకపోతే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాను. పాత పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా పోకూడదన్న రూల్ నీకు తెలుసు. ఆ 60 మీటర్లు ప్లాన్ మీద లెక్కపెట్టి ధీమా పడకు, బోర్ వేసి చూసుకో. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా బొగ్గు గనిలో పైనున్న పాత పనుల నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న 17 మందిని నీరే మింగింది.

వానలకు ముందే పైన తిరిగి, నేల కుంగిన చోట పగుళ్లను బంకమట్టితో పూడ్పించు. బయటికి తోడిన నీరు సెటిలింగ్ ట్యాంకులో తేరాకే వాగులోకి పోవాలి. లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మడ్డి ఉండకూడదు. ఆ వాగు నీళ్లే కింది ఊళ్ల పొలాలకు పోతాయి.

ఎప్పుడైనా నీరు ఒక్కసారిగా పెరిగితే ముందు మనుషుల్ని రైజ్ వైపు, అంటే ఎత్తుగా ఉన్న వైపు ఎక్కించు. ఫోన్ తర్వాత, పుస్తకం ఆ తర్వాత. ఎవరో కోప్పడతారని ఆలోచించకు.

పలక పెట్టించాక మొదటి వారం కొలతలు నాకు ఫోన్‌లో చెప్పు.

మీ మామయ్య