పాత గిటార్‌లో బ్రెజిల్ రోజ్‌వుడ్: అమెరికా నుంచి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఒక పెద్దాయన 1963 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ అమ్ముతున్నారు. నాకు కొనాలని ఉంది. దాని ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) బ్రెజిల్ రోజ్‌వుడ్ అయ్యుంటుందని, అది నిషేధిత కలప అని ఒక మిత్రుడు భయపెట్టాడు. మా బావమరిదేమో ‘సంక్రాంతికి వచ్చేటప్పుడు నా గిటారే అని భుజాన వేసుకొస్తా, ఎవరడుగుతారు?’ అంటున్నాడు. ఆ కలప ఏదో ఎలా తెలుస్తుంది? తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తెచ్చుకునే దారి ఉంది. మీ బావమరిది చెబుతున్న దారి మాత్రం అది కాదు.

రోజ్‌వుడ్ అంతా ఒకటి కాదు. మన అడవుల్లో జిట్టేగి, ఇరుగుడు అని పిలిచేది డాల్బెర్జియా లాటిఫోలియా. బ్రెజిల్‌ది డాల్బెర్జియా నైగ్రా. అట్లాంటిక్ తీరపు అడవుల్లో దాన్ని విచ్చలవిడిగా నరికేయడంతో, అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో 1992 జూన్ 11 నుంచి అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలోకి చేర్చారు. పులి ఉన్నదీ ఆ అనుబంధంలోనే. డాల్బెర్జియా పేరున్న మిగతా చెట్లన్నిటినీ 2017 జనవరి 2 నుంచి రెండో అనుబంధం కిందకు తెచ్చి, 2019 నవంబర్ 26 నుంచి తయారైన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. చాలామంది ఇంతవరకు చదివి ‘గిటార్లకు పర్మిట్ అక్కర్లేదు’ అనేస్తారు. ఆ మినహాయింపు రెండో అనుబంధానిదే. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు వర్తించదు.

ఇక గుర్తుపట్టడం. బ్రెజిల్ కలపలో గోధుమ రంగు మీద సిరా గీసినట్టు నల్లటి వంకర గీతలుంటాయని, చిత్రిక పడితే తీపి వాసన వస్తుందని, మన కలప ఊదా ఛాయతో నిట్టనిలువు చారలతో ఉంటుందని అంటారు. అది నిజమే. కానీ అరవై ఏళ్ల చెమట, నూనె పట్టి నల్లబడిన పలుచని ఫ్రెట్‌బోర్డు మీద ఆ తేడాలు కంటికి ఆనవు. కలపలోని రసాయనాలను చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ల్యాబ్ పరీక్షలో తేలుతుంది గానీ, దానికి కలప పెచ్చు తీయాలి. అందుకే నేను కంటి సాక్ష్యాన్ని నమ్ముకోమని చెప్పను. ఫెండర్ వాళ్లు 1960ల మధ్య నుంచి ఎక్కువగా మన దేశపు రోజ్‌వుడ్‌కు మారారు. మీది అంతకు ముందుది. కాబట్టి కాదని రుజువయ్యే వరకు బ్రెజిల్‌దే అనుకొని నడవండి.

కలపకన్నా మీకు ముఖ్యమైనది తేదీ. 1992 జూన్ 11కు ముందే అడవి నుంచి తీసిన కలప అని చూపగలిగితే ‘ప్రీ-కన్వెన్షన్’ సర్టిఫికెట్ వస్తుంది. దానితో అమ్మకం, రవాణా చట్టబద్ధం. ఈ గిటార్ మెడ నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. అనుభవమున్న మెకానిక్‌తో విప్పిస్తే మెడ అడుగున, ఒంటిలో దూరే చోట, తయారీ నెల, సంవత్సరం సిరా ముద్రలో కనిపించాలి. దాన్ని ఫొటోలు తీయించండి. వెనక ప్లేటు మీది సీరియల్ నంబర్ ఒక్కదాన్నే పట్టుకోకండి, ప్లేటు మార్చడం నిమిషాల పని. ఫ్రెట్‌బోర్డు తర్వాత ఎప్పుడైనా మార్చారా అన్నది అమ్మే పెద్దాయనతో సంతకం చేయించి రాయించుకోండి. కొత్తది వేసి ఉంటే 1963 ముద్ర మీకు అక్కరకు రాదు.

సర్టిఫికెట్‌కు అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కు దరఖాస్తు చేయాలి. గిటార్ బయల్దేరేటప్పుడు అక్కడి అధికారులు ఆ సర్టిఫికెట్ మీద ముద్ర వేయాలి. ముందు తెచ్చేసి తర్వాత కాగితం తెస్తామంటే కుదరదు.

‘నా సొంత గిటార్’ అనే మాట ఎందుకు పనికిరాదంటే, విదేశాల్లో కొని సొంత దేశానికి తెచ్చుకునే మొదటి అనుబంధం వస్తువులకు సొంత సామాను మినహాయింపు లేదు. కచేరీలకు తిరిగే కళాకారులకు మూడేళ్లదాకా చెల్లే వాద్య సర్టిఫికెట్ ఇస్తారు గానీ, దాని మీద తెచ్చిన వాద్యాన్ని ఇక్కడ అమ్మకూడదు, ఎవరికీ ఇచ్చేయకూడదు. అధికారికి అబద్ధం చెప్పి దొరికితే ఇబ్బంది పడేది అమెరికాలో బతుకుతున్న మీ బావమరిది. అది నాకు గిటార్ కన్నా పెద్ద విషయం.

ఇటువైపు, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటీస్ జాతులు దాని నాలుగో షెడ్యూల్‌లో ఉన్నాయి. ఉల్లంఘనకు జైలుశిక్ష కూడా ఉంది. కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద గిటార్‌ను జప్తు చేయవచ్చు. టికెట్ కొనకముందే చెన్నైలోని వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో ప్రాంతీయ కార్యాలయానికి ఫొటోలు జతచేసి లేఖ రాయండి. ఏ విమానాశ్రయంలో దించాలో, ఇంకేం కాగితాలు కావాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పార్సిల్‌లో పంపేటట్టయితే కస్టమ్స్ బ్రోకర్‌ను కలవండి. వాడిన వస్తువుల దిగుమతికి విడిగా ఆంక్షలున్నాయి.

వాయించడానికే అయితే మేపుల్ ఫ్రెట్‌బోర్డు ఉన్నది చూసుకోండి, ఈ కలప గొడవే ఉండదు. ఇదే కావాలనుకుంటే ఇప్పుడు అడ్వాన్స్ మాత్రమే ఇచ్చి, సర్టిఫికెట్ రాకపోతే అడ్వాన్స్ వాపసు ఇచ్చేట్టు పెద్దాయనతో కాగితం రాయించుకోండి. సర్టిఫికెట్ అసలు ప్రతిని, దిగుమతి కాగితాలను గిటార్‌తో పాటే దాచండి. రేపు మీరు దాన్ని విదేశానికి అమ్మాలన్నా, పంపాలన్నా అధికారులు ముందుగా అడిగేవి అవే.