ముందు డబ్బా, ముందు బిల్డా: సిటీ ఆఫ్ హీరోస్‌లో కొత్తవారికి నా జవాబు

మీ ప్రశ్న సారాంశం ఇది. సూపర్ హీరోల ఆన్‌లైన్ ఆట అయిన సిటీ ఆఫ్ హీరోస్‌లో మీ స్క్రాపర్, అంటే దగ్గరగా నిలిచి కొట్టే రకం పాత్ర, కటానా దాడులతో, దెబ్బలు తప్పించుకునే సూపర్ రిఫ్లెక్సెస్ పవర్లతో 32వ స్థాయికి చేరాడు. చేతిలో ఆట డబ్బైన ఇన్‌ఫ్లుయెన్స్ పది లక్షలు కూడా లేదు. మంచి బిల్డుకు, అంటే పాత్ర పవర్ల, వాటిని బలపరిచే ఎన్‌హాన్స్‌మెంట్ల ఎంపికకు, కోట్లు కావాలని జట్టులోని వారు చెబుతున్నారు. కనుక కొన్నాళ్లు ఫార్మింగ్ చేసి, అంటే డబ్బు కోసమే శత్రువుల గుంపులను పదే పదే చంపి, డబ్బు కూడబెట్టాలా, లేక ముందు 50వ స్థాయికి చేరి బిల్డు సంగతి ఆ తరువాత చూసుకోవాలా అని మీరు అడిగారు. నా అభిప్రాయంలో ఆ రెండు దారులూ సరైనవి కావు. బిల్డును ఈ రోజే మొదలుపెట్టవచ్చు, దానికి కావలసిన డబ్బును ఆ బిల్డే సంపాదించి పెడుతుంది. కోట్లు కావాలని మీకు చెప్పినవారు తమ పాత్రకు ఏ అంకె అవసరమో ఎన్నడూ లెక్క వేసుకోలేదని నేను బల్ల గుద్ది చెప్పగలను.

లెక్క అంటే ఏమిటో మీ పాత్ర మీదనే చూపిస్తాను. సమాన స్థాయిలో ఉన్న సాధారణ శత్రువు మీ మీద వేసిన దెబ్బ తగిలే అవకాశం మొదట 50 శాతం ఉంటుంది. మీ డిఫెన్స్ ఎంత ఉంటే అందులోనుంచి అంత తగ్గుతుంది, కానీ 5 శాతానికి దిగువకు మాత్రం పోదు. అందువల్లనే 45 శాతం డిఫెన్స్‌ను అందరూ సాఫ్ట్ క్యాప్ అంటారు. ఇందులో కొత్తవారు గమనించని విషయం ఒకటుంది. సున్నా నుంచి 5 శాతానికి చేరితే మీకు తగిలే దెబ్బలలో పదో వంతు మాత్రమే తగ్గుతుంది, కాగా 40 నుంచి 45కు చేరితే తగిలే దెబ్బలు సగానికి సగం పడిపోతాయి. అంటే చివరి అయిదు శాతం విలువ మొదటి అయిదు శాతం విలువకు ఎన్నో రెట్లు. డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అదే.

సూపర్ రిఫ్లెక్సెస్ తీసుకున్న స్క్రాపర్ తన టాగుల్‌లోనూ (వేసి ఉంచే పవర్), పాసివ్‌లోనూ (దానంతటదే ఎప్పుడూ పనిచేసే పవర్) దుకాణంలో దొరికే మామూలు సింగిల్ ఆరిజిన్ ఎన్‌హాన్స్‌మెంట్లు మూడేసి పెట్టుకుంటే చాలు, డిఫెన్స్ 30 శాతం దాటుతుంది. ఏ పాత్రయినా తీసుకోగల ఫైటింగ్ పూల్ అనే పవర్ల గుంపులోని వీవ్ దాదాపు ఆరు శాతం ఇస్తుంది. కాంబాట్ జంపింగ్ అనే పవర్ మరో రెండు ఇస్తుంది. అదే ఫైటింగ్ పూల్‌లోని టఫ్‌లో స్టెడ్‌ఫాస్ట్ ప్రొటెక్షన్ సెట్‌కు చెందిన డిఫెన్స్ ముక్క ఒకటి, గ్లాడియేటర్స్ ఆర్మర్‌లోని డిఫెన్స్ ముక్క ఒకటి పెడితే చెరో మూడు శాతం కలుస్తుంది. అంతా కలిపితే 44 దాటింది కదా! మిగిలిన కొద్దిపాటి లోటును మీ దాడులలో పెట్టే ఏదో ఒక సెట్ బోనస్ (ఒకే సెట్ ముక్కలు కొన్ని కలిపి పెడితే వచ్చే అదనపు ఫలితం) పూడుస్తుంది. ఇందులో నిజంగా ఖరీదైనది ఒక్క గ్లాడియేటర్స్ ఆర్మర్ మాత్రమే. కోట్లు ఎక్కడ అవసరమయ్యాయో చెప్పిన పెద్దమనుషులే చూపించాలి.

ఇక డబ్బు సంగతికి వస్తాను. ఈ ఆటలో డబ్బు చరిత్ర తెలియకపోతే జనం ఫార్మింగ్ వెంట ఎందుకు పడతారో అర్థం కాదు. 2004లో ఆట మొదలైనప్పుడు ఇన్‌ఫ్లుయెన్స్‌తో కొనడానికి దుకాణంలో దొరికే ఎన్‌హాన్స్‌మెంట్లకు మించి పెద్దగా ఏమీ ఉండేది కాదు. వాటిని కొనేసిన పై స్థాయి హీరోలు మిగిలిన సొమ్మును అట్లాస్ పార్కులో విగ్రహం కింద వేషధారణ పోటీలు పెట్టి కొత్తవారికి పంచిపెట్టేవారు. 2005లో ఒకే పవర్‌లో ఒకే రకం ఎన్‌హాన్స్‌మెంట్లు మూడింటికి మించి పెడితే ఫలితం దాదాపు శూన్యమయ్యేలా నిబంధన మార్చారు. అప్పుడు జరిగిన గోల ఇప్పటికీ సద్దుమణగలేదు కానీ, నా దృష్టిలో ఆ మార్పే బిల్డు అనే ఆలోచనకు చోటు కల్పించింది. పవర్‌లో ఎన్‌హాన్స్‌మెంట్లు పెట్టే ఆరు స్లాట్లలోనూ డామేజ్ మాత్రమే నింపే రోజుల్లో ఆలోచించవలసిన పనే లేదు. 2007లో రెసిపీతో, సాల్వేజ్ అనే ముడిసరుకుతో ఎన్‌హాన్స్‌మెంట్లు తయారుచేసుకునే ఇన్వెన్షన్ వ్యవస్థ, దానితోపాటు వెంట్‌వర్త్స్ వేలంశాల వచ్చాయి. సెట్ బోనస్‌లు వచ్చాయి. అప్పటి నుంచి ఇన్‌ఫ్లుయెన్స్‌కు విలువ ఏర్పడింది, దానితోపాటే అత్యాశ కూడా బయలుదేరింది. లక్ చార్మ్ వంటి అతి సామాన్యమైన సాల్వేజ్ ధర కూడా కొన్ని రోజుల్లో ఆకాశాన్ని అంటేది. కొన్ని పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోరు) ఎన్‌హాన్స్‌మెంట్లను వేలంశాల బయటనే చేతులు మార్చుకునేవారు, ఎందుకంటే ఒక పాత్ర దగ్గర ఉండగలిగిన గరిష్ఠ మొత్తం రెండు వందల కోట్లు, వాటి ధర దానిని కూడా దాటేది.

2012 నవంబరు 30న ఆట అసలు సర్వర్లు మూతపడ్డాయి. 2019లో హోమ్‌కమింగ్ పేరుతో అభిమానులే మళ్లీ తెరిచారు, 2024 జనవరిలో వారికి ఆట హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ నుంచి లైసెన్సు కూడా దక్కింది. మీరు ఆడుతున్నది అక్కడే కనుక ఒక విషయం గుర్తుంచుకోవాలి. హోమ్‌కమింగ్ నిర్వాహకులు సాల్వేజ్‌ను తామే స్థిరమైన ధరలకు వేలంశాలలో ఉంచారు. సామాన్యమైనది పది వేలు, మధ్యరకం లక్ష, అరుదైనది పది లక్షలు దాటదు. సరుకు దాచి ధర పెంచే వ్యాపారం దీనితో ముగిసిపోయింది. పాత రోజుల ధరలు గుర్తుంచుకుని మిమ్మల్ని భయపెట్టేవారు ఈ సంగతి మరిచిపోతారు.

ఇక్కడ నా కళ్లముందు జరిగిన ఒక విషయం చెప్పాలి. సైమెరోరా అనే చోట ఇంపీరియస్ టాస్క్ ఫోర్స్ అనే మిషన్ల వరుస నడుపుతున్న జట్టులో ఒక కుర్రవాడు ఉండేవాడు. అతనిదీ మీలాగే సూపర్ రిఫ్లెక్సెస్ స్క్రాపర్, డిఫెన్స్ దాదాపు 40. రోమన్ సైనికులు గుంపుగా చుట్టుముట్టిన ప్రతిసారీ అతని ప్రాణం పోయేది. మామూలు డిఫెన్స్ పాత్రలకు అక్కడ ఇంకా కష్టం, ఎందుకంటే ఆ సైనికుల కత్తిదెబ్బలు డిఫెన్స్‌నే తగ్గిస్తాయి, తగ్గిన కొద్దీ ఇంకా ఎక్కువ దెబ్బలు తగులుతాయి. సూపర్ రిఫ్లెక్సెస్‌కు ఆ తగ్గింపును తట్టుకునే గుణం ఉన్నా, మొదటే అయిదు శాతం తక్కువగా ఉంటే ఆ గుణం ఎంతవరకు కాపాడుతుంది? టాస్క్ ఫోర్స్ ముగియగానే అతడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఒక రెండు కోట్లు అప్పు ఇస్తారా? ఆర్కిటెక్ట్‌లో ఫార్మింగ్ చేసి వారంలో తిరిగి ఇచ్చేస్తాను" అన్నాడు. ఆర్కిటెక్ట్ అంటే ఆటగాళ్లే మిషన్లు తయారుచేసుకునే వ్యవస్థ. "అప్పు ఇవ్వను కానీ నాతో వేలంశాలకు రా తమ్ముడూ" అన్నాను.

అక్కడ అతనిచేత చేయించిన పని చాలా చిన్నది. సెరెండిపిటీ అనే డిఫెన్స్ సెట్ ఎవరికీ పెద్దగా అక్కర లేదు, దాని రెసిపీలు కారుచవక. 25 నుంచి 30 స్థాయిల మధ్య ఉన్న ఒక రెసిపీకి చిన్న మొత్తంతో బిడ్ పెట్టించాను. తక్కువ స్థాయి రెసిపీ అయితే తయారీ ఖర్చు కూడా తక్కువ, కానీ 25కు దిగువన మాత్రం ఉండకూడదు, ఎందుకంటే మాకు కావలసిన లక్ ఆఫ్ ది గాంబ్లర్ సెట్ ఆ స్థాయి నుంచే మొదలవుతుంది. వర్క్‌టేబుల్ దగ్గర ఎన్‌హాన్స్‌మెంట్ తయారైంది. అతని దగ్గర టాస్క్ ఫోర్స్‌లో వచ్చిన రివార్డ్ మెరిట్లు ఉన్నాయి, వాటితో కన్వర్టర్లు తీసుకున్నాడు. మెరిట్లను కుర్రవాళ్లు చిల్లర కింద జమకడతారు గానీ, అసలు ధనం అదే. కన్వర్టర్‌తో ఆ ముక్కను డిఫెన్స్ రకంలోనే మరొక సెట్‌గా మార్చవచ్చు. ఏది వస్తుందో మన చేతిలో లేదు. ఒకసారి కర్మ వచ్చింది, తరువాత రెడ్ ఫార్చ్యూన్ వచ్చింది. అతనికి సహనం నశిస్తున్నట్టు టైపు చేసే తీరులోనే తెలుస్తోంది. ఆ తరువాత లక్ ఆఫ్ ది గాంబ్లర్ తెరమీద కనిపించింది. ఆ సెట్‌లో ఆరు ముక్కలు ఉంటాయి, వాటిలో ఒకదానికే ఒంటికంతటికీ 7.5 శాతం రీచార్జ్, అంటే పవర్లు మళ్లీ సిద్ధమయ్యే వేగం, ఇచ్చే గుణం ఉంది. అది వచ్చేదాకా అదే సెట్ లోపల మరికొంతసేపు మార్పించాను.

వచ్చిన దానిని అతడు వేలంశాలలో ఎలా పెట్టబోయాడో చూడండి. చివరి అయిదు అమ్మకాల ధరలు చూసి, వాటికన్నా కాస్త ఎక్కువ అడగబోయాడు. వద్దని ఆపి, నామమాత్రపు ధర అడగమన్నాను. "ఊరికే పోతుంది కదన్నా!" అని కంగారుపడ్డాడు. పోదు. ఈ వేలంశాలలో అమ్మేవాడు అడిగిన ధర కొనేవాడికి కనిపించదు, కొనేవాడి బిడ్ అమ్మేవాడికి కనిపించదు. కాచుకుని ఉన్న బిడ్‌లలో అన్నిటికన్నా పెద్దదే మన సరుకును పట్టుకుపోతుంది, ఆ బిడ్ మొత్తమే మనకు దక్కుతుంది గాని మనం అడిగిన ధర కాదు. రుసుము మొత్తం మీద పది శాతం, అందులో అయిదు శాతం మనం అడిగిన ధర మీద ముందే తీసుకుంటారు. కనుక ఎక్కువ అడిగితే ముందే ఎక్కువ కట్టి, సరుకు అమ్ముడుపోక కూర్చోవలసి వస్తుంది. అతడు మీట నొక్కగానే అమ్ముడుపోయింది. కాచుకున్న బిడ్ లక్షలలో వచ్చి పడింది, అతడు పెట్టిన ఖర్చు అందులో చిన్న భాగం. కొంతసేపు అతని దగ్గరి నుంచి మాటే రాలేదు. తరువాత, "మళ్లీ చేద్దామా?" అని మాత్రం రాశాడు.

మళ్లీ చేసినప్పుడు వచ్చిన ముక్కను అమ్మనివ్వలేదు, వీవ్‌లో పెట్టించాను. అది ముఖ్యం. వ్యాపారం బిల్డు కోసం గాని, బిల్డు వ్యాపారం కోసం కాదు. వారం తిరగకుండానే స్టెడ్‌ఫాస్ట్ ముక్క కొన్నాడు, ఆ తరువాత మరొకటి. మళ్లీ సైమెరోరా వెళ్లినప్పుడు కాంబాట్ యాట్రిబ్యూట్స్ కిటికీలో డిఫెన్స్ అంకె 45 దాటి ఉంది, అదే సైనికుల గుంపు మధ్య అతడు నిలబడి కొడుతుంటే పైకి తేలే మిస్ అనే అక్షరాలే ఎక్కువ.

ఫార్మింగ్ గురించి కూడా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఆర్కిటెక్ట్ గదులలో అగ్నికవచం వేసుకున్న బ్రూట్ రకం పాత్రను నిలబెట్టి, శత్రువుల గుంపులను పదే పదే కాల్చడమే ఆట అనుకునేవారు ఎక్కువయ్యారు. డబ్బు వస్తుంది, కాదనను. కానీ అలా 50వ స్థాయికి చేర్చిన పాత్రతో జట్టులోకి వచ్చి, తన పవర్ ఏమి చేస్తుందో తెలియక, ఎదుటివాడి బిల్డును అచ్చుగుద్దినట్టు దించుకునేవారిని నేను చాలామందిని చూశాను. ఆ నకలు బిల్డులలో పర్పుల్ అనే అతి అరుదైన సెట్‌లు కిక్కిరిసి ఉంటాయి. స్థాయి తగ్గించి ఆడినా వాటి బోనస్ పోదు కనుక అవి మంచివే, కానీ డిఫెన్స్ 38 దగ్గర ఆగిపోయినవాడికి దాడిలో పర్పుల్ దేనికి? 50వ స్థాయికి మీకు దొరికేవి 67 అదనపు స్లాట్లు మాత్రమే. అవి ఎక్కడ పెట్టాలో తెలియనివాడికి డబ్బు ఎంత ఇచ్చినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఒకసారి ఒక జట్టునాయకుడు నా స్క్రాపర్‌లో పర్పుల్ లేదని తెలిసి జట్టులోకి రానివ్వలేదు. ఆ తరువాత అతని జట్టు మొదటి మిషన్‌లోనే కుప్పకూలిందని విన్నాను. అందుకు నేను సంతోషించలేదని చెబితే అబద్ధమవుతుంది.

రీచార్జ్ సంగతి మీరు అడగలేదు కానీ తరువాత మీరు వెళ్లేది అక్కడికే. రీచార్జ్‌ను పెంచే హేస్టెన్ అనే పవర్ 120 సెకన్లు పనిచేస్తుంది, మళ్లీ సిద్ధం కావడానికి మొదట 450 సెకన్లు పడుతుంది. ఎడతెగకుండా నడవాలంటే మొత్తం మీద 275 శాతం రీచార్జ్ కావాలి. అందులో 70 హేస్టెన్ తనకు తానే ఇచ్చుకుంటుంది, దానిలో పెట్టిన ఎన్‌హాన్స్‌మెంట్లు మరో తొంభై అయిదు వరకు ఇస్తాయి, మిగిలినది సెట్ బోనస్‌ల నుంచి రావాలి. లక్ ఆఫ్ ది గాంబ్లర్ రీచార్జ్ ముక్కలు అయిదు పెడితే 37.5 శాతం. ఆరోది పెట్టి లాభం లేదు, ఒకే బోనస్ అయిదుసార్లకు మించి లెక్కలోకి రాదు. సూపర్ రిఫ్లెక్సెస్‌కు అదృష్టం ఏమిటంటే అవి పెట్టుకోవడానికి డిఫెన్స్ పవర్లకు కొదవ లేదు.

మీ 32వ స్థాయి పాత్రతో ఇప్పుడు ఇలా చేయండి. ఫైటింగ్ పూల్ తీసుకోకపోయి ఉంటే రెస్పెక్‌తో, అంటే పవర్లను మళ్లీ ఎంచుకునే వీలుతో, సర్దుకోండి, వీవ్ లేకుండా పై లెక్క కుదరదు. ఎన్‌హాన్స్‌మెంట్లు కొనేటప్పుడు అట్యూన్డ్ రకం చూడండి, అవి మీ స్థాయితోపాటే పెరుగుతాయి కనుక 50 కోసం ఎదురుచూడనక్కర లేదు. ఈ రాత్రి ఆట మూసే ముందు స్టెడ్‌ఫాస్ట్ ప్రొటెక్షన్ డిఫెన్స్ ముక్కకు, చివరి అయిదు ధరలకన్నా బాగా తక్కువగా ఒక బిడ్ పెట్టి పడుకోండి. బిడ్ సొమ్ము అప్పుడే మీ చేతిలోనుంచి పోతుంది కనుక ఖాళీగా ఉన్నదంతా దానిలోనే పెట్టవద్దు, సెరెండిపిటీ రెసిపీకి కొంత మిగుల్చుకోండి. గ్లాడియేటర్స్ ఆర్మర్‌ను చివరికి ఉంచుకోండి. అది వచ్చేవరకు పర్పుల్ రంగు డిఫెన్స్ ఇన్‌స్పిరేషన్ (కొద్దిసేపు బలమిచ్చే గుళిక) ఒక్కటి మింగినా ఆ మూడు శాతం లోటు తెలియదు.