జీపీఏ 3.0.. ఇంట్లో మాత్రం 3.6 అని చెప్పాను!

ప్రశ్న: నా వయసు 22. పుట్టి పెరిగింది న్యూజెర్సీలో. ఈ మే నెలతో బయాలజీ డిగ్రీ పూర్తవుతుంది. మొదటి రెండేళ్లు చదువు బాగా దెబ్బతింది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ‘సి’, ఫిజిక్స్‌లో ‘సి మైనస్’ వచ్చాయి. చివరి ఏడాది కుదురుకున్నా మొత్తం జీపీఏ (4కి లెక్కించే గ్రేడ్ల సగటు) 3.0 దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో మాత్రం 3.6 అని చెప్పాను. జూన్‌లో మెడికల్ స్కూళ్లకు అప్లై చేయమని నాన్న తొందర పెడుతున్నారు. ఇక్కడ రాకపోతే కరేబియన్ దీవుల్లో చేరిపొమ్మంటున్నారు మావయ్య. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాకిక డాక్టర్ అయ్యే దారే లేదా?

జవాబు: దారి ఉంది. కాకపోతే ఈ జూన్‌లో అప్లై చేయొద్దు. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి అనడం లేదు.

అమెరికాలో ఎండీ (ఇక్కడ డాక్టర్ అయ్యే మొదటి డిగ్రీ) కోర్సులో చేరుతున్నవాళ్ల సగటు జీపీఏ 3.75కు పైనే ఉంటోంది. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ సగటు 528కి 511, 512 ప్రాంతంలో ఉంటోంది. అప్లై చేసినవాళ్లలో సగానికి పైగా సీటు లేకుండానే మిగిలిపోతున్నారు. అయినా మీలాంటి జీపీఏతో సీటు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఏ జీపీఏకి, ఏ ఎమ్‌క్యాట్ స్కోరుకి ఎంతమందికి సీట్లు వచ్చాయో మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎమ్‌సీ పట్టిక వేసి ప్రచురిస్తుంది. అందులో మీ వరుస ఒకసారి చూసుకోండి. భయంతో ఊహించుకునే అంకెల కన్నా కళ్లతో చూసిన అంకె నయం.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుందాం, జీపీఏ 3.0. ఇంకో ఏడాది కూర్చుని 30 క్రెడిట్లు చదివి, అన్నింటిలో ‘ఏ’ తెచ్చుకున్నా మొత్తం 3.2 దగ్గరే ఉంటుంది. ‘ఏడాదంతా చదివితే ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ ఎండీ స్కూళ్లకు ఉమ్మడిగా పంపే ఆమ్‌కాస్ దరఖాస్తులో మొత్తం జీపీఏ ఒక్కటే కనిపించదు. ఏ సంవత్సరం ఎంత వచ్చిందో, డిగ్రీ తర్వాత చదివిన కోర్సుల్లో ఎంత వచ్చిందో విడివిడిగా కనిపిస్తాయి. సైన్స్, మ్యాథ్స్ జీపీఏ కూడా వేరుగా ఉంటుంది. మొదటి ఏడాది 2.6, చివరి ఏడాది 3.6, ఆ తర్వాత 4.0 అని వరుసగా కనబడితే, ‘ఈ అమ్మాయి ఇప్పుడు మెడిసిన్ చదువు తట్టుకోగలదు’ అన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం కోసమే ఈ ఏడాది.

డిగ్రీ అయ్యాక ఇలా మళ్లీ డిగ్రీ స్థాయి కోర్సులు చదవడాన్నే పోస్ట్‌బాక్ అంటారు. మాస్టర్స్ చేస్తే ఆ జీపీఏని వేరుగా లెక్కిస్తారు, అది డిగ్రీ జీపీఏలో కలవదు. మీ విషయంలో ముందు డిగ్రీ స్థాయి కోర్సులే మేలని నా అభిప్రాయం. ఫిజిక్స్ మాత్రం మళ్లీ చదవక తప్పదు, చాలా స్కూళ్లు ‘సి’ కన్నా తక్కువ గ్రేడును ఒప్పుకోవు. మళ్లీ చదివినా పాత గ్రేడు చెరిగిపోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. ఆర్గానిక్‌లో ‘సి’ని పట్టుకుని వేలాడకుండా బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటివి తీసుకుని వాటిలో ‘ఏ’ తెచ్చుకోండి.

అయితే ఇవన్నీ చేసే ముందు మీరు రాయని ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ రెండేళ్లు చదువు ఎందుకు దెబ్బతింది? చదివే పద్ధతి తెలియకా, ఒంటరితనమా, డిప్రెషనా, లేక మెడిసిన్ మీద మీకే మనసు లేకా? కారణం సరిచేసుకోకుండా మళ్లీ క్లాసులో కూర్చుంటే మళ్లీ అవే గ్రేడ్లు వస్తాయి. నిద్ర పట్టడం లేదన్నారు కదా, డిగ్రీ చేతికి రాకముందే కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయండి. మెడిసిన్ మీద మనసు లేదని తేలితే అది కూడా ఇంట్లో చెప్పదగిన మాటే.

ఎమ్‌క్యాట్‌ని తొందరపడి రాయకండి. రాసిన ప్రతిసారి స్కోరూ స్కూళ్లకు కనిపిస్తుంది. పోస్ట్‌బాక్ కోర్సులు పూర్తయ్యాక, ప్రాక్టీస్ టెస్టుల్లో అనుకున్న స్కోరు నిలకడగా వస్తున్నప్పుడే రాయండి.

డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ) స్కూళ్లను ‘అవి వద్దులే’ అని పక్కన పెట్టకండి. వాటిలో చేరేవాళ్ల సగటు జీపీఏ 3.6 దగ్గర, ఎమ్‌క్యాట్ 504 దగ్గర ఉంటోంది. డీఓ డాక్టర్లు 50 రాష్ట్రాల్లోనూ ప్రాక్టీస్ చేయవచ్చు, సర్జరీలు చేయవచ్చు. 2020 నుంచి ఎండీలకు, డీఓలకు రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో శిక్షణ) వ్యవస్థ కూడా ఒక్కటే. నాన్నగారికి ఈ డిగ్రీ పేరు కొత్తగా అనిపించవచ్చు, మీరే వివరంగా చెప్పండి.

ఇక ఆ 3.6 సంగతి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది జీపీఏ కన్నా ఈ అబద్ధమేనని నాకు అనిపిస్తోంది. ఆమ్‌కాస్‌లో మొదటి స్కూలుకు 170 డాలర్లకు పైగా, తర్వాత ప్రతి స్కూలుకూ మరో 40కి పైగా కట్టాలి. ఆ తర్వాత స్కూళ్లు విడిగా అడిగే సెకండరీ దరఖాస్తుల ఫీజులు వేరే. నిజం తెలియకుండా నాన్నగారు ఆ డబ్బు కడితే, సీట్లు రాని రోజున ఆయనకు రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. చుట్టాలెవరూ లేనప్పుడు, ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని, ఇద్దరికీ కలిపి చెప్పండి. ‘నాన్నా, అమ్మా, నేను చెప్పిన 3.6 నిజం కాదు. వచ్చింది 3.0. మీరు బాధపడతారని భయపడి దాచాను’ అంటే చాలు. పెద్ద ఉపోద్ఘాతం వద్దు. ట్రాన్‌స్క్రిప్ట్ చేతికివ్వండి. ఆ రోజు కోపం రావచ్చు, అమ్మ ఏడవవచ్చు. వెంటనే సమర్థించుకోకుండా వాళ్లను మాట్లాడనివ్వండి. వచ్చే ఏడాది ప్లాన్ గురించి ఒకటి రెండు రోజులు ఆగి, వాళ్లు కాస్త తేరుకున్నాక మాట్లాడండి.

మావయ్య చెప్పిన దారిలో సీటు తేలిగ్గా దొరుకుతుంది, రెసిడెన్సీ దగ్గరే కష్టం. ఇక్కడ ఎండీ చివరి ఏడాది చదివేవాళ్లలో నూటికి 93 మంది దాకా మ్యాచ్ అవుతుంటే (రెసిడెన్సీ సీటు దొరుకుతుంటే), బయట దేశాల్లో చదివిన అమెరికా పౌరుల్లో మూడింట రెండొంతుల మందే అవుతున్నారు. మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు, వాళ్లకు అప్పు మాత్రం మిగులుతుంది. ఇక్కడ ఎండీ, డీఓ రెండింటికీ గట్టిగా ప్రయత్నించాకే ఆ ఆలోచన చేయండి.

ఈ వారంలోనే మీ కాలేజీలో ప్రీహెల్త్ అడ్వైజర్‌ను కలవండి. ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం చూపించి రెండు విషయాలు అడగండి: డిగ్రీ అయ్యాక కూడా అక్కడే పోస్ట్‌బాక్ కోర్సులు తీసుకోవచ్చా, అప్లై చేసేటప్పుడు కాలేజీ తరఫున కమిటీ లెటర్ (సిఫార్సు లేఖ) ఇస్తారా అని.