డబ్బా మీద హెచ్‌డీఆర్ అని ఉంది కదా అని కొనేశా...

హెచ్‌డీఆర్, క్యూఎల్ఈడీ, 120 హెర్ట్జ్... వీటిలో ఏది చూసి టీవీ కొనాలి అని అడిగారు. నేను మొదటిసారి ఈ మాటలే చూసి కొన్నాను. దెబ్బతిన్నాను.

ఇంటికి తెచ్చి హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాను బాగా చూపించే పద్ధతి) సినిమా పెడితే మామూలు దానికంటే చీకటిగా ఉంది! రాత్రి సీన్‌లో నల్లకోటు వేసుకున్న మనిషి, వెనక గోడ కలిసిపోయి బూడిదరంగు ముద్దలా కనిపించాయి. సెట్టింగులన్నీ మార్చి చూసి విసిగిపోయాక అసలు సంగతి తెలిసింది. హెచ్‌డీఆర్10 అని రాసుంటే ఆ సిగ్నల్ టీవీకి అర్థమవుతుందనే, దాన్ని చూపించేంత వెలుగు ఉందని కాదు. ఇలాంటి సినిమాలు చాలావరకు 1,000 నిట్స్ (తెర వెలుగు కొలత) లెక్కన తయారవుతాయి. నా టీవీ 300 దగ్గరే ఆగిపోయేది. అందుకే స్పెసిఫికేషన్లలో పీక్ బ్రైట్‌నెస్ (గరిష్ఠ వెలుగు) ఎంతో, లోకల్ డిమ్మింగ్ ఉందో లేదో వెతకండి. లోకల్ డిమ్మింగ్ ఉంటే తెర వెనక లైట్లు భాగాలుగా తగ్గుతాయి, నలుపు కాస్త నలుపులా ఉంటుంది.

క్యూఎల్ఈడీ అంటే ఓఎల్ఈడీకి తమ్ముడు అనుకున్నా. కాదు. అది వెనక లైటున్న ఎల్‌సీడీయే, రంగుల కోసం క్వాంటమ్ డాట్ పొర అదనం. ఓఎల్ఈడీలో ఏ పిక్సెల్ వెలుగు దానిదే, నల్లగా ఉండాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. రాత్రి లైట్లార్పి సినిమాలు చూసేవాళ్లకు నా ఓటు దానికే. రోజంతా ఒకే న్యూస్ చానెల్ పెట్టే ఇంట్లో మాత్రం కొన్నేళ్లకు ఆ లోగో మచ్చలా మిగిలిపోవచ్చు.

120 హెర్ట్జ్ దగ్గర 'మోషన్ రేట్' లాంటి పేరుంటే నమ్మకండి. ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేట్, అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో, అడగండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది. 60ని భాగిస్తే రెండున్నర. అందుకని కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపించాలి, కెమెరా పక్కకి కదిలినప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. నాకది పెద్ద ఇబ్బంది కాదు. గేమ్స్ ఆడకపోతే 60 చాలు. మోషన్ స్మూతింగ్ (మధ్యలో కొత్త ఫ్రేములు చేర్చి కదలికను నున్నగా చేసేది) మాత్రం మొదటిరోజే ఆపేయండి, సినిమా సీరియల్‌లా అయిపోతుంది.

రెండో టీవీకి వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఓ చీకటి సీన్ పట్టుకెళ్లా. షాపులో టీవీలన్నీ కళ్లు జిగేల్‌మనే మోడ్‌లో ఉంటాయి. సినిమా మోడ్‌కి మార్పించి అదే సీన్ చూశా. తర్వాత పక్కకి నడిచి చూశా, ఎందుకంటే ఇంట్లో అమ్మ ఎప్పుడూ సోఫా చివరే కూర్చుంటుంది, పాత టీవీలో అక్కణ్నుంచి ముఖాలు వెలిసిపోయినట్టు ఉండేవి. కొన్ని ప్యానెళ్లు ఎదురుగా బాగుండి, పక్కనుంచి అలా అయిపోతాయి.

ఇంత చూసి కూడా పోర్టులు లెక్కపెట్టడం మర్చిపోయా. హెచ్‌డీఎంఐ మూడే ఉన్నాయి. ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని బయటి స్పీకర్‌కి పంపే సదుపాయం) ఉన్నది సౌండ్‌బార్‌కి, ఒకటి సెట్‌టాప్ బాక్స్‌కి, ఇంకోటి గేమింగ్ కన్సోల్‌కి పోయాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్ పెట్టాలంటే ఏదో ఒక వైరు పీకడానికి గోడకీ టీవీకీ మధ్య చేయి దూర్చి తడుముకోవాల్సిందే.